ఒడ్డుకు చేర్చడం సగం పనే: ల్యాండింగ్ క్రాఫ్ట్ నడిపిన కుర్రాళ్ళ యుద్ధం

రెండో ప్రపంచయుద్ధం గురించి పెద్దగా తెలియనివాళ్ళు కూడా ఎక్కడో ఒకచోట చూసే ఉండే ఫొటో ఒకటుంది. 1944 జూన్ 6 ఉదయం, ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరం, ఒమాహా బీచ్. సైనికుల్ని నేరుగా ఒడ్డున దించే పడవ, అంటే ల్యాండింగ్ క్రాఫ్ట్, ముందు తలుపు నీళ్ళలోకి తెరుచుకుని ఉంటుంది. తుపాకులు తడవకుండా పైకెత్తి పట్టుకుని అమెరికన్ సైనికులు పొగ కమ్మిన ఒడ్డు వైపు నీళ్ళలో నడుస్తుంటారు. తీసినవాడు కోస్ట్ గార్డ్ ఫొటోగ్రాఫర్ రాబర్ట్ సార్జెంట్. అందులో కనిపించేవాళ్ళందరూ పడవ దిగిపోతున్నవాళ్ళే. పడవ వెనక భాగంలో చుక్కాని చక్రం పట్టుకుని నిలబడ్డ నావికుడు మాత్రం మనకు కనబడడు.

సైనికులు దిగిపోయాక అతని పని ఇంకా కష్టమైంది. ఆ తలుపు పైకి ఎత్తించాలి. ఇసుకకు ఆనుకున్న పడవను వెనక్కి లాగాలి. కెరటాలకు అడ్డం తిరగకుండా బయటపడాలి. మైళ్ళ దూరంలో లంగరు వేసి ఉన్న ఓడ దగ్గరికెళ్ళి, మళ్ళీ మనుషుల్ని ఎక్కించుకుని, ఇదే ఒడ్డుకు, ఇవే తుపాకుల ముందుకు రావాలి.

సముద్రం మీంచి వెళ్ళి శత్రుతీరంలో దిగే యుద్ధాల గురించి రాసేటప్పుడు సేనాధిపతులు, మ్యాపులు, ఒడ్డున చనిపోయినవాళ్ళ లెక్కలు తప్పక ఉంటాయి. పడవలు నడిపినవాళ్ళకు ఒక వాక్యం దక్కితే గొప్ప. ఇది నాకు అన్యాయంగానే అనిపిస్తుంది. యుద్ధం తేదీలు ఎందుకు వాయిదా పడ్డాయి, ఆటుపోట్ల లెక్కలు ఎందుకంత ముఖ్యమయ్యాయి, ఒకచోట వందలమంది ఒడ్డు చేరకుండానే ఎందుకు పోయారు అని అడుగుతూ పోతే ప్రతిసారీ తేలేది ఆ పడవ దగ్గరే. అది ఒడ్డుకు చేరగలదా, చేరితే మళ్ళీ వెనక్కి రాగలదా అన్న దగ్గరే. కాబట్టి ఈసారి పడవ వెనక భాగంలో నిలబడి చూద్దాం.

రేవు లేని చోట దిగడం

లక్షల సైన్యాన్ని, ట్యాంకుల్ని, తిండిని, మందుగుండును సముద్రం దాటించాలంటే మామూలుగా రేవు కావాలి. రేవును నేరుగా దాడి చేసి పట్టుకోవడం ఎంత కష్టమో మిత్రరాజ్యాలకు 1942 ఆగస్టు 19న తెలిసొచ్చింది. ఆ రోజు ఫ్రాన్స్‌లోని డియెప్ రేవు మీదికి దాదాపు 6,000 మందిని పంపారు. వాళ్ళలో ఎక్కువమంది కెనడా సైనికులు. సగానికి పైగా చనిపోవడమో, గాయపడటమో, పట్టుబడటమో జరిగింది. రేవు ఎక్కడుందో శత్రువుకూ తెలుసు, ఫిరంగులన్నీ అక్కడే పెట్టుకుంటాడు. ఇక మిగిలిన దారి రేవు లేని ఇసుక తీరంలో దిగడం.

అక్కడే చిక్కంతా. సముద్రంలో నిలకడగా వెళ్ళాలంటే పడవ నీళ్ళలోకి లోతుగా దిగి ఉండాలి. ఒడ్డెక్కాలంటే అడుగు భాగం చదునుగా, తేలిగ్గా ఉండాలి. చదునైన పడవ అలల మీద అదుపు తప్పుతుంది, లోతైనది ఒడ్డుకు దూరంగానే ఇసుక పట్టేస్తుంది. పైగా ప్రొపెల్లర్, చుక్కాని రెండూ పడవ వెనక అడుగునే ఉంటాయి. ఒక్కసారి ఇసుకనో రాయినో కొట్టుకున్నాయంటే పడవ అక్కడే ఆగిపోతుంది.

రేవుల్లేని కోరమాండల్ తీరంలో మనవాళ్ళు ఈ చిక్కును వందల ఏళ్ళ క్రితమే తమ పద్ధతిలో విప్పుకున్నారు. మసూలా పడవకు మేకులు కొట్టరు, చెక్కల్ని కొబ్బరి పీచు తాడుతో కుట్టేస్తారు. కెరటం విసిరికొట్టినా, ఇసుకను గుద్దుకున్నా చెక్క విరగకుండా కాస్త సాగుతుంది. ఓడలు దూరంగా ఆగితే సరుకును, మనుషుల్ని ఒడ్డుకు చేర్చింది ఆ పడవలే. ఇంజిన్ ఉన్న పడవకు అదే పని నేర్పడం ఇరవయ్యో శతాబ్దపు సమస్య.

దానికి జవాబు న్యూ ఆర్లీన్స్‌లో ఆండ్రూ హిగ్గిన్స్ అనే పడవల వ్యాపారి దగ్గర దొరికింది. లూసియానా చిత్తడి నేలల్లో తిరిగేవాళ్ళ కోసం ఆయన ఒక పడవ తయారుచేశాడు. దాని ముందు భాగం గరిటెలా గుండ్రంగా ఉంటుంది, బురద గట్టు మీదికి ఎక్కి మళ్ళీ వెనక్కి జారగలదు. అడుగున సొరంగంలా ఒక గాడి ఉంటుంది, ప్రొపెల్లర్ అందులో దాగి ఉంటుంది. నీళ్ళలో మునిగిన దుంగల మీంచి పోయినా దెబ్బ తగలదు. సముద్రం మీంచి దిగి పోరాడే అమెరికన్ సైనికులకు, అంటే మెరైన్లకు, అది నచ్చింది. ఒక్కటే లోపం, దిగాలంటే పక్కల మీంచి దూకాలి. 1937లో షాంఘై దగ్గర జపాన్ సైన్యం ముందు భాగం తలుపులా తెరుచుకునే పడవలు వాడటం విక్టర్ క్రులాక్ అనే యువ మెరైన్ అధికారి చూశాడు, ఫొటోలు తీసి పంపాడు. ఆ తలుపు, అంటే ర్యాంప్, హిగ్గిన్స్ పడవకు చేరాక పుట్టిందే ఎల్‌సీవీపీ, అంటే వాహనాల్నీ మనుషుల్నీ దించే పడవ. జనం నోట అది హిగ్గిన్స్ బోటు.

పొడవు 36 అడుగులు. ఒళ్ళంతా ఎక్కువగా ప్లైవుడ్, ర్యాంప్ మాత్రం ఉక్కు. 36 మంది సైనికుల్ని గానీ ఒక జీపును కొద్దిమంది మనుషులతో గానీ మోస్తుంది. 225 హార్స్‌పవర్ డీజిల్ ఇంజిన్. నిండా ఎక్కించుకుంటే గంటకు 9 నాటికల్ మైళ్ళు. యుద్ధం ముగిసేసరికి ఇలాంటివి 23,000కు పైగా తయారయ్యాయి. వెనక్కి జారగల ఆ ముందు భాగం, దాగున్న ఆ ప్రొపెల్లర్ రెండూ పడవ తిరిగిరావడానికి చేసిన ఏర్పాట్లే. మనం మాత్రం ఇన్నేళ్ళుగా ర్యాంప్ గురించే చెప్పుకుంటున్నాం.

సరంగు కుర్రాడు

పడవ నడిపే నావికుణ్ణి కాక్సన్ అంటారు, మన భాషలో సరంగు. అతనితో పాటు ఇంజిన్ చూసే మెకానిక్, ముందు ర్యాంప్ దించే మనిషి, వెనక మోకులూ మెషిన్ గన్ చూసుకునే మనిషి ఉండేవారు. ఎక్కువమంది ఇరవై ఏళ్ళకు అటూ ఇటూ ఉన్నవాళ్ళు. తల్లిదండ్రుల సంతకం ఉంటే పదిహేడేళ్ళకే అమెరికన్ నేవీలో చేరొచ్చు. మొక్కజొన్న చేలు తప్ప సముద్రం మొహం చూడనివాళ్ళు మేరీలాండ్‌లోని సాలమన్స్, వర్జీనియాలోని లిటిల్ క్రీక్, ఫ్లోరిడాలోని ఫోర్ట్ పియర్స్ శిక్షణ కేంద్రాల్లో ఈ పని నేర్చుకున్నారు.

మొదట్లో చాలా పడవల మీద నేవీ మనుషుల బదులు కోస్ట్ గార్డ్ మనుషులుండటానికి కారణముంది. శాంతికాలంలో వాళ్ళ పని తుపానులో చిక్కుకున్న ఓడల నుంచి జనాన్ని కాపాడటం. విరిగే కెరటాల మధ్య చిన్న పడవ నడపడం వాళ్ళకు చేతనైన విద్య. ఆ విద్య యుద్ధంలో ఎవరికీ లేనంతగా వాళ్ళకుండేది.

ఒక్క ట్రిప్పు ఎలా సాగేదో చూడండి. ఒమాహా దగ్గర పెద్ద ఓడలు తీరానికి సుమారు 11 మైళ్ళ దూరంలో, ఫిరంగులకు అందకుండా, లంగరు వేశాయి. ఇంకా చీకటి. ఓడ పక్కన వేలాడే తాళ్ళ వల పట్టుకుని సైనికులు దిగుతారు. కింద పడవ కెరటంతో పాటు పైకి లేస్తుంది, మరుక్షణం జారిపోతుంది. వీపున పెద్ద బరువు. చేతులతో నిలువు తాళ్ళనే పట్టుకోవాలని ముందే చెప్పి ఉంటారు, ఎందుకంటే అడ్డ తాడు పట్టుకుంటే పైనుంచి దిగేవాడి బూటు వేళ్ళ మీద పడుతుంది. పడవ పైకి లేచినప్పుడే వల వదలాలి. దిగుతున్నప్పుడు వదిలితే కాలు విరుగుతుంది, ఓడకూ పడవకూ మధ్య పడితే నలిగిపోతాడు. ఆ సమయంలో పడవను ఓడ పక్కనే నిలిపి ఉంచడం సరంగుకు మొదటి పరీక్ష.

ఎక్కించుకున్నాక వెంటనే ఒడ్డుకు పోవడానికి లేదు. మిగతా పడవలన్నీ నిండేదాకా గుండ్రంగా తిరుగుతూ ఉండాలి. డీజిల్ పొగ, చల్లటి నీటి తుంపర, మనుషుల వాంతులు. పడవలోకి వచ్చిన నీళ్ళను హెల్మెట్లతో తోడి పోసినవాళ్ళూ ఉన్నారు. తర్వాత ఒక ఊహాగీత దగ్గర అందరూ వరసగా నిలబడి, సైగ అందగానే ఒకేసారి కదలాలి. ఒక వరస వెనక ఇంకో వరస, మధ్యలో కొన్ని నిమిషాలే ఎడం.

అక్కణ్ణుంచి కెరటాలు విరిగే చోటు దాకా వెళ్ళాక సరంగు నైపుణ్యం బయటపడుతుంది. వెనక నుంచి వచ్చే కెరటం పడవ వెనక భాగాన్ని ఎత్తి పక్కకు నెడుతుంది. పడవ ముక్కు నేరుగా తీరం వైపు ఉన్నంతసేపూ ఫర్వాలేదు. కాస్త వంకర పోయిందా, తర్వాతి కెరటం దాన్ని అడ్డంగా తిప్పేస్తుంది, ఆ తర్వాతిది లోపలికి నీళ్ళు నింపేస్తుంది. ముందు భాగం ఇసుకకు తగలగానే ఇంజిన్ ఆపకూడదు. ర్యాంప్ దించి మనుషులు దిగుతున్నంతసేపూ ఇంజిన్‌ను ముందుకే తోస్తూ పడవ ముక్కును ఇసుకకు అదిమి పట్టాలి, చుక్కానితో వెనక భాగాన్ని సరిచేస్తూ ఉండాలి. అదే సమయంలో మెకానిక్‌కు ఇంకో బెంగ. ఇంజిన్‌ను చల్లబరచడానికి లాగే సముద్రపు నీళ్ళతో పాటు ఇసుకా వస్తుంది. అది పేరుకుంటే ఇంజిన్ వేడెక్కి చచ్చిపోతుంది, ఒడ్డు మీదే.

ఆఖరి మనిషి దిగాక పడవ తేలికై కాస్త పైకి లేస్తుంది. ర్యాంప్ ఎత్తి వెనక్కి నడపాలి. తిప్పడానికి తొందరపడితే పని అయిపోయినట్టే. కెరటాల గీత దాటేదాకా వెనక్కి వెనక్కే, తిన్నగా రావాలి. ఇదంతా చేసేవాడు చక్రం దగ్గర నిలబడి ఉండాలి కాబట్టి పడవలో మిగతా అందరికంటే అతని తలే బాగా కనిపిస్తుంది.

మొదటి వరసల్లో వెళ్ళే పడవలకు ఇంకో ఆదేశముండేది: నీళ్ళలో కొట్టుకుంటున్నవాళ్ళ కోసం ఆగకూడదు. ఆగితే వరస చెదురుతుంది, వెనకవాళ్ళు వచ్చి గుద్దుకుంటారు, ఆగిన పడవ కెరటానికి అడ్డం తిరుగుతుంది. కారణాలన్నీ సబబే. కానీ జీవితమంతా మునిగేవాళ్ళను కాపాడటమే నేర్చుకున్న కోస్ట్ గార్డ్ కుర్రాడికి, పక్కనే చెయ్యి చాస్తున్న మనిషిని దాటి పోవడం ఎలా ఉండి ఉంటుందో ఆలోచిస్తేనే కష్టంగా ఉంటుంది. నీళ్ళలో పడ్డవాళ్ళ కోసం నార్మండీలో 60 చిన్న చెక్క గస్తీ పడవలతో వేరే రక్షక దళం పెట్టారు. జూన్ 6 ఒక్కరోజే అది 400 మందికి పైగా ప్రాణాలు కాపాడింది.

ఆటుపోట్ల లెక్క

మన విశాఖ, కాకినాడ తీరాల్లో పోటుకూ ఆటుకూ మధ్య తేడా మామూలుగా మనిషి ఎత్తు లోపే. నార్మండీలో అది ఇరవై అడుగుల దాకా పోతుంది. తీరం బాగా చదునైనది కావడంతో ఆటు సమయంలో వందల గజాల ఇసుక బయటపడుతుంది. పోటు మొదలైతే పది నిమిషాలకు సుమారు ఒక అడుగు చొప్పున నీరు పెరుగుతుంది.

సైనికుల వైపు నుంచి చూస్తే పోటు నిండుగా ఉన్నప్పుడు దిగడమే మేలు. తుపాకుల ముందు పరుగెత్తాల్సిన దూరం తగ్గుతుంది. జర్మన్లూ అలాగే వస్తారనుకున్నారు. అందుకే పోటులో మునిగిపోయే ఇసుక మీద ఉక్కు కడ్డీలు, దుంగలు పాతి, వాటి కొసలకు మందుపాతరలు కట్టారు. నిండు పోటులో వెళ్తే సరంగుకు అవి కనిపించవు. మరీ ఆటు సమయంలో, నీరు తగ్గుతున్నప్పుడు వెళ్తే ఇంకో ప్రమాదం. ఒడ్డుకు ఆనిన పడవ కింద నీళ్ళు జారిపోతాయి, పడవ ఇసుక మీద కూర్చుండిపోతుంది, మళ్ళీ పోటు వచ్చేదాకా కదలదు.

అందుకే మధ్యేమార్గం ఎంచుకున్నారు. నీరు బాగా తగ్గి, పోటు అప్పుడే మొదలైన వేళ దిగాలి. అడ్డంకులు బయటికి కనిపిస్తాయి, ఇంజనీర్లు వాటిని పేల్చి దారి చేయొచ్చు, పెరిగే నీరు పడవల్ని ఎత్తి వెనక్కి పంపుతుంది. దానికి మూల్యం చెల్లించింది మాత్రం కాలినడకన వెళ్ళినవాళ్ళు. వందల గజాల బయలు ఇసుక దాటాల్సొచ్చింది. ఒమాహాలో దారులు అనుకున్నన్ని తెరుచుకోలేదు, నీరు మాత్రం తన లెక్క ప్రకారం పెరిగింది. పొద్దెక్కేసరికి మిగిలిన అడ్డంకులు మునిగిపోయి, తర్వాత వచ్చిన చాలా పడవలు ఆ అడ్డంకుల మీదికే వెళ్ళాయి. కోస్ట్ గార్డ్ మనుషులు నడిపిన ఎల్‌సీఐ 91, 92 అనే, కాలిబలగాన్ని దించే ఓడలు ఆ ఉదయమే అక్కడ తగలబడ్డాయి.

పక్కనున్న యూటా బీచ్‌లో ప్రవాహం పడవల్ని దక్షిణానికి లాగేసింది, దారి చూపాల్సిన ఓడల్లో ఒకటి మునిగిపోయింది. పడవలు అనుకున్న చోటుకు సుమారు 2,000 గజాల అవతల తేలాయి. అక్కడ కాపలా పలచగా ఉండటం అదృష్టం.

అదృష్టం కలిసిరాని చోటు పసిఫిక్‌లోని తరావా. 1943 నవంబర్ 20న అక్కడి బెటియో దీవి మీద మెరైన్లు దిగారు. దీవి చుట్టూ పగడపు దిబ్బ. హిగ్గిన్స్ బోటు నిండా ఎక్కించుకుంటే మూడున్నర అడుగుల లోతు నీరు కావాలి. అంత నీరు ఉంటుందనుకున్నారు. ఆ దీవుల్లో ఏళ్ళ తరబడి ఉన్న ఒక బ్రిటిష్ అధికారి ఉండదని హెచ్చరించాడు. ఆ రోజు చంద్రుడు పోటు బలహీనంగా ఉండే దశలో ఉన్నాడు, పైగా భూమికి దూరంగా ఉన్నాడు. నీరు పెరగలేదు. దిబ్బ మీద ఎక్కి పోగల గొలుసు చక్రాల వాహనాలు మొదటి మూడు వరసలకే సరిపోయాయి. వెనకొచ్చిన హిగ్గిన్స్ బోట్లు దిబ్బ అంచున ఆగిపోయాయి. సరంగులు అక్కడే ర్యాంప్ దించారు. మెరైన్లు వందల గజాలు నీళ్ళలో, మెషిన్ గన్ల ఎదుట నడిచారు. 76 గంటల పోరులో దాదాపు 1,000 మంది అమెరికన్లు చనిపోయారు. దీవిలోని 4,500 మందికి పైగా ఉన్న జపాన్ వైపు బలగంలో బతికి పట్టుబడినవాళ్ళు చాలా కొద్దిమంది. సరంగులకు పడవ నడపడం వచ్చు. నీళ్ళే లేని చోట వాళ్ళు చేయగలిగింది దిబ్బ దగ్గర నుంచి గాయపడ్డవాళ్ళను వెనక్కి తీసుకుపోవడం, అది చేశారు.

డగ్లస్ మన్రో

ఈ పనికి ఒక మొహం కావాలంటే నేను డగ్లస్ మన్రో పేరే చెబుతాను. వాషింగ్టన్ రాష్ట్రంలోని క్లే ఎలమ్ అనే చిన్న ఊళ్ళో పెరిగాడు, 1939లో కోస్ట్ గార్డ్‌లో చేరాడు. సిగ్నల్‌మన్, అంటే సైగలతో సందేశాలు పంపే నావికుడు. 1942 సెప్టెంబర్ 27న పసిఫిక్‌లోని గ్వాడల్‌కెనాల్ దీవిలో పాయింట్ క్రూజ్ దగ్గర సుమారు 500 మంది మెరైన్లను అతని ఆధ్వర్యంలోని పడవలు ఒడ్డున దించి వెనక్కి వచ్చేశాయి. తీరా చూస్తే శత్రువు అనుకున్నదానికంటే చాలా బలంగా ఉన్నాడు. మెరైన్లు కొండ మీద చిక్కుకుపోయారు. తమ దగ్గర రేడియో పనికిరాక, బనియన్లు విప్పి నేల మీద పరిచి సాయం కావాలని అక్షరాలు పేర్చారు. పైన ఎగిరే విమానం అది చూసింది.

వాళ్ళను తీసుకురావడానికి మన్రో మళ్ళీ పడవలతో బయల్దేరాడు. దించడం కంటే ఎక్కించుకోవడం ఎన్నో రెట్లు కష్టం. దించేటప్పుడు నిమిషంలో పని అవుతుంది. ఎక్కించుకునేటప్పుడు గాయపడ్డవాళ్ళు నిదానంగా వస్తారు, శత్రువు వాళ్ళ వెనకే వస్తాడు, పడవ అంతసేపూ ఒడ్డునే ఉండాలి. పడవ నిండేకొద్దీ బరువెక్కి ఇసుకలో ఇంకా దిగబడుతుంది కూడా. ఆఖరి గుంపు ఎక్కుతుండగా మన్రో తన పడవను తీసుకెళ్ళి, ఒడ్డుకూ మిగతా పడవలకూ మధ్య అడ్డం పెట్టి, మెషిన్ గన్‌తో కాల్పులు జరిపాడు. అందరూ బయటపడుతున్న సమయంలో తూటా తగిలింది. అతని స్నేహితుడు రేమండ్ ఎవన్స్ అదే పడవలో ఉన్నాడు. చనిపోయే ముందు మన్రో అడిగింది ఒక్కటే: "వాళ్ళంతా బయటపడ్డారా?"

వయసు 22. అమెరికా అత్యున్నత సైనిక పురస్కారం మెడల్ ఆఫ్ ఆనర్ కోస్ట్ గార్డ్ చరిత్రలో ఇప్పటిదాకా అతనొక్కడికే దక్కింది. అతని తల్లి ఎడిత్ కొద్దికాలానికే కోస్ట్ గార్డ్ మహిళా విభాగంలో చేరి యుద్ధం ముగిసేదాకా పనిచేసింది.

పెద్ద పడవలు, పెద్ద కొరత

హిగ్గిన్స్ బోటు మనుషుల్ని దించుతుంది. ట్యాంకులు దించాలంటే ఎల్‌ఎస్‌టీ కావాలి. 328 అడుగుల ఓడ, సముద్రాలు దాటి వచ్చి నేరుగా ఇసుక మీద ముక్కు ఆనించి, ముందు తలుపులు తెరిచి ట్యాంకుల్ని బయటికి పంపుతుంది. 1941 నవంబర్‌లో జాన్ నైడర్‌మేయర్ అనే డిజైనర్ దీనికి తొలి చిత్రం గీశాడు. చిక్కును విప్పింది నీళ్ళ ట్యాంకులతో. సముద్రంలో ఉన్నప్పుడు వాటిని నింపితే ఓడ లోతుగా దిగి నిలకడగా పోతుంది. ఒడ్డు దగ్గరికొచ్చాక తోడేస్తే ముందు భాగం నాలుగడుగుల లోపు నీటిలో, వెనక భాగం పదడుగుల లోతులో తేలుతుంది. తిరిగిరావడానికి వెనక ఒక లంగరు. ఒడ్డుకు వస్తూ దారిలోనే దాన్ని వదిలేస్తారు, పని అయ్యాక ఆ కేబుల్‌ను చుట్టుకుంటూ ఓడ తనను తాను సముద్రంలోకి లాక్కుంటుంది. అమెరికాలో 1,051 ఎల్‌ఎస్‌టీలు కట్టారు, అందులో చాలావరకు సముద్రానికి వందల మైళ్ళ దూరంలో, ఒహాయో, ఇలినాయ్ నదుల ఒడ్డున. ఇండియానాలోని ఎవాన్స్‌విల్ ఒక్కటే 167 కట్టింది.

నెమ్మదిగా పోయే ఈ ఓడల మీద పనిచేసేవాళ్ళు తమను తాము సులువైన గురి అనుకునేవారు. 1944 ఏప్రిల్ 28 తెల్లవారుజామున ఇంగ్లండ్ దక్షిణ తీరంలో యూటా బీచ్ కోసం రిహార్సల్ జరుగుతుండగా జర్మన్ టార్పెడో బోట్లు వచ్చి పడ్డాయి. ఎల్‌ఎస్‌టీ 507, 531 మునిగాయి, 289 దెబ్బతిని బయటపడింది. దాదాపు 750 మంది పోయారు. యూటా బీచ్‌లో అసలు దిగిన రోజున చనిపోయినవాళ్ళకంటే ఇది ఎక్కువ. ఓడలకూ కాపలా నౌకలకూ ఇచ్చిన రేడియో ఫ్రీక్వెన్సీలు కలవలేదు. గాలి నింపే లైఫ్ బెల్టును చంకల కింద కట్టుకోవాలని సైనికులకు ఎవరూ సరిగ్గా చెప్పలేదు. నడుముకు కట్టుకుని, వీపున మూటతో దూకినవాళ్ళు తలకిందులై ఊపిరాడక పోయారు. ఇంత జరిగినా నార్మండీ రహస్యం బయటపడకూడదని విషయాన్ని తొక్కిపెట్టారు.

ఎల్‌ఎస్‌టీల తిరుగు ప్రయాణం ఖాళీగా ఉండేది కాదు. ట్యాంకులు దిగిన చోటే స్ట్రెచర్లు పరిచి, గాయపడ్డవాళ్ళను ఇంగ్లండ్ చేర్చాయి. నార్మండీ మొదటి నాలుగు నెలల్లోపే అలా 41,000 మందికి పైగా వచ్చారు.

ఈ ఓడలు ఎన్ని ఉంటే యుద్ధం అంత ముందుకు. 1942లో, 43లో అట్లాంటిక్‌లో జలాంతర్గాములతో పోరాడే ఎస్కార్ట్ నౌకలకు ఉక్కు, ఇంజిన్లు ముందు ఇవ్వాల్సొచ్చింది, ల్యాండింగ్ క్రాఫ్ట్ వెనకపడ్డాయి. నార్మండీ దాడిని మొదట 1944 మేలో అనుకున్నారు. ఇంకో నెల ఉత్పత్తి చేతికి అందాలని జూన్‌కు జరిపారు. దానితో పాటే జరగాల్సిన దక్షిణ ఫ్రాన్స్ దాడి ఆగస్టు 15 దాకా ఆగింది.

బంగాళాఖాతంలో

ఆ కొరత మన సముద్రాన్నీ తాకింది. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. అంతకు ముందు నెలలోనే అండమాన్ దీవులు జపాన్ చేతికి పోయాయి. వాటిని తిరిగి పట్టుకోవడానికి బక్కనీర్ అనే పథకం వేశారు. 1943 నవంబర్‌లో కైరో సమావేశంలో అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్ట్ చైనా నేత చియాంగ్ కై షేక్‌కు మాట కూడా ఇచ్చాడు. డిసెంబర్ మొదటి వారంలోనే దాన్ని రద్దు చేశారు. కారణం, ఆ పడవలు యూరప్‌కు కావాలి. అండమాన్ ప్రజలు యుద్ధం ముగిసేదాకా జపాన్ పాలనలోనే నలిగారు. వేల మైళ్ళ దూరంలోని ఇసుక తీరం కోసం కొన్ని పదుల పడవలు మళ్ళించడం ఇక్కడి జనాన్ని ఎంతగా దెబ్బతీసిందో చెప్పడానికి నాకు ఇంతకంటే పెద్ద ఉదాహరణ తెలియదు.

రాయల్ ఇండియన్ నేవీ కూడా ల్యాండింగ్ క్రాఫ్ట్ దళాన్ని తయారుచేసుకుంది. రామేశ్వరం దగ్గరి మండపంలో పెట్టిన శిక్షణ కేంద్రం పేరు హమ్లా. ముంబై శివార్లలోని మార్వేలో అదే పేరుతో నౌకాదళ కేంద్రం ఇప్పటికీ ఉంది. మనవాళ్ళ పడవలు పనిచేసింది బర్మాలోని అరకాన్ తీరంలో. 1945 జనవరి 3న అక్యాబ్‌లో దిగేసరికి జపాన్ సైన్యం అప్పటికే వెళ్ళిపోయింది. 12న మైబోన్, 21న రామ్రీ, 22న కంగా. నర్బదా, జమునా అనే భారత నౌకలు ఫిరంగులతో తోడు నిలిచాయి.

అక్కడ నార్మండీ లాంటి ఇసుక బయలు లేదు. మడ అడవుల మధ్య మెలికలు తిరిగే ఉప్పునీటి కాలువలు, నడుము దాకా దిగబడే బురద. మైబోన్‌లో నీరు తగ్గాక దిగినవాళ్ళు ఆ బురదలోనే గంటల తరబడి అవస్థపడ్డారు. కాలువలో పోయే పడవకు రెండు వైపులా చెట్లు, శత్రువు ఏ చెట్టు వెనక ఉన్నాడో తెలియదు. పడవ తిప్పుకునే చోటు కూడా దొరకదు.

ఆ తీరం తెలుగువాళ్ళకు కొత్తది కాదు. శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల నుంచి తరాల తరబడి కూలికి, వ్యాపారానికి రంగం, అంటే రంగూన్, వెళ్ళినవాళ్ళు వేలల్లో ఉన్నారు. 1942లో జపాన్ వచ్చినప్పుడు వాళ్ళలో ఎందరో తౌంగుప్ కనుమ దాటి, అక్యాబ్ దాకా నడిచి, అక్కణ్ణుంచి దొరికిన నావ ఎక్కి చిట్టగాంగ్ చేరారు. ఆకలికి, కలరాకు దారిలోనే చనిపోయినవాళ్ళకు లెక్కలేదు. మూడేళ్ళ తర్వాత ల్యాండింగ్ క్రాఫ్ట్ వెళ్ళింది అదే అక్యాబ్‌కు. 1945 మే మొదట్లో, వానలు కమ్ముకొస్తుండగా, 26వ ఇండియన్ డివిజన్‌ను ఎక్కించుకుని రంగూన్ నది లోపలికి వెళ్ళిందీ ఇలాంటి పడవలే. జపాన్ సైన్యం ఆ నగరాన్ని అప్పటికే ఖాళీ చేసింది.

స్వాతంత్ర్యం తర్వాత 1949లో బ్రిటన్ నుంచి వచ్చిన మగర్ మన మొదటి ఎల్‌ఎస్‌టీ. 1971 డిసెంబర్ మధ్యలో, బంగ్లాదేశ్ యుద్ధంలో, కాక్స్ బజార్ దగ్గర గూర్ఖా సైనికుల్ని దించడానికి ఘరియల్, గుల్దార్ ఓడలు వెళ్ళాయి. తీరం వాలు ఎలా ఉందో, నీటి అడుగున ఇసుక దిబ్బలెక్కడున్నాయో ముందుగా కొలిచే వ్యవధి లేదు. ఓడ ముందు భాగం దిబ్బకు ఆనింది, దాని అవతల నీళ్ళు ఇంకా లోతుగానే ఉన్నాయి. దిగిన సైనికుల్లో ఇద్దరు మునిగిపోయారు. ఎదురుగా శత్రువే లేడు. తరావాలో దిబ్బ, ఇక్కడ దిబ్బ, రెండుచోట్లా తెలియాల్సిన విషయం ఒక్కటే, అక్కడ నీళ్ళెంత లోతు అని.

ఇప్పుడు ఈ పనికి మనకున్న అతి పెద్ద నౌక జలాశ్వ, 2007లో నౌకాదళంలో చేరింది, ఉండేది విశాఖలోనే. వెనక భాగంలో నీళ్ళు నింపి, కడుపులోంచి ల్యాండింగ్ క్రాఫ్ట్‌ను బయటికి వదులుతుంది. 2019 నవంబర్‌లో అమెరికాతో కలిసి చేసిన టైగర్ ట్రయంఫ్ విన్యాసాలు విశాఖ, కాకినాడల్లోనే జరిగాయి. కాకినాడ తీరంలో ఇలాంటి విన్యాసాలు తరచూ జరుగుతుంటాయి, టీవీల్లో ఎప్పుడూ ర్యాంప్ దిగి పరుగెత్తే సైనికుల్నే చూపిస్తారు. ఈసారి చూస్తే కెమెరా ఇంకో రెండు నిమిషాలు అక్కడే ఉంటే గమనించండి: ఖాళీ అయిన పడవ ముక్కును తీరం వైపే ఉంచుకుని వెనక్కి ఎలా వస్తుందో, కెరటాల గీత దాటాక గానీ సరంగు దాన్ని ఎందుకు తిప్పడో.